తీరం వెంట తథాగతుడు – 7: దారి పక్కన తొలిచిన కొండలు

కిందటి భాగంలో తామ్రలిప్తి రేవు దగ్గర ఆగాం. అయిదో శతాబ్దం మొదట్లో చైనా యాత్రికుడు ఫాహియాన్ అక్కడ రెండేళ్ళుండి, సూత్రాలకు నకళ్ళు రాసుకుని, విగ్రహాల బొమ్మలు గీసుకుని సింహళానికి ఓడ ఎక్కాడు. ఏడో శతాబ్దంలో హ్యూయెన్‌త్సాంగ్ వచ్చేనాటికి ఆ ప్రాంతంలో పదో పన్నెండో సంఘారామాలు, వాటిలో వెయ్యి మంది దాకా భిక్షువులు ఉన్నారట. ఆ తామ్రలిప్తే నేటి తూర్పు మేదినీపూర్ జిల్లాలోని తమ్లుక్. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరుకోగల దూరం.

మరి అంత మంది భిక్షువులు తిరిగిన నేల మీద అజంతా లాంటి గుహ ఒక్కటైనా ఉండాలి కదా అనిపిస్తుంది. ఖరగ్‌పూర్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న సాలువానే తీసుకుందాం. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ స్థావరం, తరాలుగా స్థిరపడ్డ గూర్ఖా కుటుంబాలు, వైమానిక దళ కేంద్రం. చుట్టూ ఎర్రమట్టి, సాల వృక్షాలు. ఎంత తిరిగినా తొలిచిన గుహ కనిపించదు. కారణం మతం కాదు, నేల. ఖరగ్‌పూర్ చుట్టుపక్కలది లాటరైట్ నేల. పై పొర తీస్తే ఇటుకలా కోసుకోవడానికి వీలైన ఎర్రరాయి దొరుకుతుంది గానీ, నిలువునా చెక్కి గదులు తియ్యడానికి కొండ లేదు. తమ్లుక్ వైపు వెళితే ఆ రాయి కూడా ఉండదు, అంతా ఒండ్రు.

కొండ లేని చోట భిక్షువులు ఇటుకలు కాల్చుకున్నారు. అందుకు సాక్ష్యం ఖరగ్‌పూర్‌కు సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, దాంతన్ దగ్గరి మొగల్మారి గ్రామంలో బయటపడింది. ఊరివాళ్ళు ‘సఖిసేనా దిబ్బ’ అని పిలుచుకునే మట్టిగుట్టను 2003-04 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయం ఆచార్యుడు అశోక్ దత్త బృందం తవ్వితే లోపల పెద్ద ఇటుక విహారం కనిపించింది. గోడలకు సున్నపు గచ్చుతో పోతపోసిన బొమ్మలు, విహారం పేరున్న మట్టి ముద్రలు, ఆ తర్వాతి తవ్వకాల్లో కుప్పగా కంచు విగ్రహాలు దొరికాయి. బొమ్మలకు, గదులకు, స్తూపాలకు లోటు లేదు. గుహ మాత్రం లేదు.

ఆ గుహ కోసం రైలెక్కాలి.

పాత బెంగాల్ నాగపూర్ దారి

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ చరిత్ర, బౌద్ధం తెలుగు నేలకు సాగివచ్చిన ఒక ప్రధాన మార్గం, రెండూ ఒకే గీత మీద ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో జంక్షను, వర్క్‌షాపు పెట్టినప్పుడు, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలు, ఫిట్టర్లు, కళాసీలు కుటుంబాలతో తరలివచ్చారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇవాళ్టికీ ఇళ్ళల్లో తెలుగే మాట్లాడుతున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగును అధికార భాషల్లో చేర్చడానికి వాళ్ళ సంఖ్యాబలమే కారణం. కటక్ నుంచి బెజవాడ దాకా తీరం వెంట పట్టాలు వేసిన ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేను 1901-02లో రెండు ముక్కలు చేసి, వాల్తేరుకు దక్షిణాన ఉన్నది మద్రాసు రైల్వేకు, ఉత్తరాన ఉన్నది బెంగాల్ నాగపూర్ రైల్వేకు అప్పగించారు.

ఆ పట్టాలు వేసిన ఇంజనీర్లు కొత్త దారి కనిపెట్టలేదు. ఎడమ చేతి వైపు సముద్రం, కుడి చేతి వైపు తూర్పు కనుమలు. మధ్యలో ఉన్న సన్నని మైదానమే మగధ నుంచి దక్షిణాదికి వచ్చే బాట. కళింగ యుద్ధానికి అశోకుడి సేన దిగింది ఈ మైదానానికే. భువనేశ్వర్ దగ్గర ధౌలి, బరంపురం దగ్గర జౌగఢ, ఈ రెండు చోట్లా అతని శాసనాలున్నాయి. మిగతా దేశంలో కనిపించే పదమూడో శాసనం, అంటే యుద్ధంలో పోయిన ప్రాణాల లెక్క చెప్పి పశ్చాత్తాపపడే శాసనం, ఈ రెండు చోట్లా లేదు. దాని బదులు అధికారులు ప్రజలను ఎలా చూడాలో చెప్పే వేరే ఆజ్ఞలు చెక్కించాడు. ఓడినవాళ్ళ ముందు ఆ లెక్క చదివించడం బాగుండదనుకున్నాడు కాబోలు.

ఇంకా కిందికి వస్తే శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం. దాన్ని 1919లో లోకం దృష్టికి తెచ్చింది పురావస్తు శాఖ కాదు, వ్యావహారిక భాషోద్యమ పితామహుడు గిడుగు రామమూర్తి పంతులు. విజయనగరం దగ్గర రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద బౌద్ధ కట్టడాలున్నాయి. పక్కనున్న దుర్గ కొండ మీది సహజ గుహలో జైన శిల్పాలున్నాయి. వాల్తేరు దాటి అరగంటలో అనకాపల్లి. ఖరగ్‌పూర్ నుంచి ఇక్కడికి దాదాపు 800 కిలోమీటర్లు.

అందరివీ గుహలే

అనకాపల్లిలో దిగేముందు ఒక అపోహ తీర్చుకుందాం. కొండలో తొలిచిన గుహ కనబడగానే బౌద్ధుల గుహ అనేస్తాం. మన దేశంలో తేదీ తెలిసిన తొలిచిన గుహల్లో అతి పాతవి బీహార్‌లో గయకు ఉత్తరాన ఉన్న బరాబర్ కొండల్లో ఉన్నాయి. వాటిలో సుదామ గుహను అశోకుడు తన ఏలుబడి పన్నెండో ఏట దానం చేశాడు. ఎవరికి? బౌద్ధులకు కాదు, ఆజీవకులకు. నియతి తప్ప మరేదీ లేదని నమ్మిన ఆ శాఖ తర్వాతి కాలంలో కనుమరుగైపోయింది. గట్టి నల్లసేనపు రాతిని అద్దంలా మెరిసేటట్టు నున్నగా చేసిన ఆ గోడలు మాత్రం ఇవాళ్టికీ తళతళలాడుతున్నాయి.

భువనేశ్వర్‌లోని ఉదయగిరి, ఖండగిరి గుహలు జైన సన్యాసులవి. కళింగ చక్రవర్తి ఖారవేలుడు అక్కడి హాథీగుంఫా పైచూరు మీద తన దండయాత్రలనూ దానాలనూ పదిహేడు పంక్తుల్లో చెక్కించాడు. శాతవాహన రాజు శాతకర్ణిని లెక్కచెయ్యకుండా పడమటి దిక్కుకు సేనను పంపానని చెప్పుకున్నది ఆ శాసనంలోనే. కాబట్టి గుహలో ఉండడం ఒక్క మతం ఆచారం కాదు. ఇల్లు వదిలిన ప్రతివాడికీ వానాకాలంలో తల దాచుకోవడానికి చోటు కావాలి. నాలుగు నెలల వానల్లో తిరిగితే మొలకెత్తిన పైర్లు తొక్కాల్సి వస్తుంది, పురుగూపుట్రా కాళ్ళ కింద పడతాయి. అందుకే బుద్ధుడు తన భిక్షువులకు మూడు నెలల వర్షావాసం విధించాడు. వినయపిటకంలో భిక్షువులకు అనుమతించిన అయిదు రకాల నివాసాల్లో గుహ ఒకటి.

అదే వినయపిటకంలో ఇంకో కథ ఉంది. భిక్షువులు చెట్ల కిందా, కొండ చరియల్లోనూ పడుకుంటుంటే చూసి రాజగృహంలోని ఒక శ్రేష్ఠి ఒక్క రోజులో అరవై కుటీరాలు కట్టించి ఇచ్చాడట. మొదటి విహారదాత రాజు కాదు, వర్తకుడు. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

బొజ్జన్నకొండ

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశమంతా తెలిసినదే. ఆ మార్కెట్‌కు మూడు కిలోమీటర్ల దూరంలో శంకరం అనే ఊరు, దాని పక్కన వరిచేల మధ్య రెండు చిన్న కొండలు. తూర్పున ఉన్నది బొజ్జన్నకొండ, పడమట ఉన్నది లింగాలమెట్ట. 1907 ప్రాంతంలో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపాడు.

బొజ్జన్నకొండ మెట్లెక్కుతుంటే తూర్పు ముఖంగా పెద్ద గుహ ఎదురవుతుంది. వాకిలికి అటూ ఇటూ ద్వారపాలకులు. లోపలికి అడుగుపెడితే నలుచదరపు స్తంభాలు, వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసలు, మొత్తం పదహారు. నట్టనడుమ చదరపు అరుగు, దాని మీద స్తూపం. చుట్టూ ప్రదక్షిణకు దారి వదిలారు. ఎండలోంచి వచ్చిన కంటికి మొదట ఏమీ ఆనదు. కాసేపు ఆగితే స్తూపం అండాకారం నెమ్మదిగా విడివడి కనిపిస్తుంది. ఈ గుహకు పైన ఇంకో అంతస్తు ఉంది. అందులో ఆసీనుడైన బుద్ధుడి శిల్పాలున్నాయి. కొండ నెత్తికి చేరితే మహాస్తూపం. దాని అడుగు భాగం కొండరాతినే గుండ్రంగా చెక్కి తీర్చినది. పై భాగం ఇటుకలతో కట్టినది. దగ్గర్లోనే భిక్షువుల గదుల పునాదులు ఇటుక వరుసలుగా కనిపిస్తాయి.

గుహలో నిలబడి ఒక్క విషయం గమనించాలి. ఆ స్తంభాలను ఎవరూ నిలబెట్టలేదు. ఆ స్తూపాన్ని ఎక్కడినుంచో తెచ్చి పెట్టలేదు. నేల, కప్పు, కంబం, స్తూపం, అరుగు అన్నీ ఒకే రాయి. శిల్పులు చేసిందల్లా అక్కర్లేని రాతిని తీసెయ్యడం. మామూలు ఇల్లు కట్టేవాడు పునాది నుంచి పైకి వెళతాడు. గుహ తొలిచేవాడు ముందు కప్పు తేల్చుకుని, అక్కడినుంచి కిందికి దిగుతాడు. నిలబడి చెక్కడానికి కింది రాయే అతనికి పరంజా. పదహారు స్తంభాలూ ఎక్కడ వస్తాయో మొదటి ఉలి దెబ్బకు ముందే లెక్క కట్టుకోవాలి. ఒకచోట ఎక్కువ కొట్టేస్తే తిరిగి అతికించే వీలు లేదు. అజంతాలో సగంలో ఆగిపోయిన గుహలు ఈ పద్ధతిని విప్పి చూపిస్తాయి: పైభాగం నున్నగా తేలి ఉంటుంది, కింద స్తంభాలు మొద్దుల్లా మిగిలిపోయి ఉంటాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడం మన సామెత. ఇక్కడ కొండను తవ్వి స్తూపాన్ని పట్టారు.

లింగాలమెట్ట ఇంకో రకం వింత. అక్కడ కొండ వెన్నునే వరుసలు వరుసలుగా చెక్కి చిన్నా పెద్దా స్తూపాలు తీశారు. మొక్కుబడి తీర్చుకున్న భక్తుడి పేరున ఒక్కొక్కటిగా పెరుగుతూ పోయాయవి. దూరం నుంచి చూసేవాడికి లింగాలు తీర్చి నిలబెట్టినట్టుంటాయి.

తవ్వకంలో దొరికిన చిల్లర

ఈ కొండల మీద రీ తవ్వకాల్లో దొరికిన నాణేలు శిల్పాల కంటే ఎక్కువ మాట్లాడతాయి. ఒక శాతవాహనుల సీసపు నాణెం, గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి, ‘విషమసిద్ధి’ బిరుదున్న తూర్పు చాళుక్యుల రాగి నాణేలు. మూడు రాజ్యాలు, మూడు లోహాలు, అయిదారు వందల ఏళ్ళ వ్యవధి. మగధలో ముద్రించిన బంగారం అనకాపల్లి కొండ మీదికి ఎలా వచ్చింది? సముద్రగుప్తుడు దక్షిణాది మీదికి దండెత్తి ఓడించిన రాజుల జాబితాలో పిష్ఠపురం అంటే పిఠాపురం రాజు ఉన్నాడు. దేవరాష్ట్రపు కుబేరుడూ ఉన్నాడు. ఆ దేవరాష్ట్రం అనకాపల్లికి దగ్గరి యలమంచిలి ప్రాంతమని చరిత్రకారుల మాట. అయితే ఆ నాణెం సైనికుడి మొలలో వచ్చిందో, వర్తకుడి సంచిలో వచ్చిందో, యాత్రికుడి కానుకగా వచ్చిందో ఆ నాణెం చెప్పదు. ఒక్కటి మాత్రం రూఢి. ఈ కొండ లోకానికి దూరంగా ఉన్న ఏకాంతం కాదు. జనం వచ్చిపోయే బాట దీని కాళ్ళ దగ్గరే ఉంది.

అసలు విహారానికి చోటు ఎలా ఎంచుకోవాలో బౌద్ధ గ్రంథాల్లో స్పష్టంగా ఉంది: ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు, రాకపోకలకు వీలుండాలి, పగలు సందడి, రాత్రి గోల ఉండకూడదు. కారణం చాలా సామాన్యమైనది. భిక్షువు వండుకోకూడదు, మధ్యాహ్నం దాటితే తినకూడదు. పొద్దున్నే పాత్ర పట్టుకుని ఊళ్ళోకి నడిచి, భిక్ష తీసుకుని, పొద్దు నడినెత్తికి రాకముందే తిరిగి రావాలి. ఊరు అందుబాటులో లేకపోతే పస్తే. కొండ నుంచి అనకాపల్లికి ఉన్న మూడు కిలోమీటర్ల దూరం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. గుహాలయం అనగానే కారడవి, మునులు, పులులు మన కళ్ళకు కడతాయి. అది సినిమాలు నేర్పిన బొమ్మ. నిజానికి ఈ గుహలు బాటసారుల సత్రానికి దగ్గరి చుట్టాలు.

జీలకర్రగూడెం లేఖకుడు

ఈ మాటకు ఇంకో సాక్ష్యం కావాలంటే ఏలూరు జిల్లా కామవరపుకోట మండలం వెళ్ళాలి. జీలకర్రగూడెం పక్కన, గుంటుపల్లి గుహలుగా పేరుపడ్డ కొండ. ఇసుకరాతి కొండ కావడంతో ఉలికి తేలిగ్గా లొంగింది. ఇక్కడి గుండ్రని చైత్యగుహ క్రీస్తుకు పూర్వపుది. తెలుగు నేల మీద తొలిచిన గుహల్లో అతి పాతవాటిలో ఒకటి. లోపల స్తూపం, పైన గొడుగులా కప్పు. ఆ కప్పుకు దూలాలు, వాసాలు అన్నీ రాతిలో చెక్కి ఉన్నాయి. రాతి కప్పుకు వాసాలు ఎందుకు? బరువు మోసేది కొండ, వాసం కాదు. అప్పటిదాకా గడ్డి కప్పిన గుండ్రటి కర్ర ఇళ్ళలో ఉన్న జనం, రాతిలోకి మారినప్పుడు పాత ఇంటి రూపాన్ని వెంట తెచ్చుకున్నారు. బరాబర్ లోమశ ఋషి గుహ వాకిలి మీదా ఇదే తంతు. కర్ర కట్టడాలు చెదలు తినేశాయి. వాటి అచ్చు మాత్రం ఈ రాతిలో నిలిచిపోయింది. రెండు వేల ఏళ్ళ కిందటి తెలుగువాడి గుండ్రటి ఇంటి పైకప్పు ఎలా ఉండేదో చూడాలంటే తలెత్తి చూడవలసిన కప్పుల్లో ఇదొకటి.

ఆ కొండ మీది మండప స్తంభాల మీద ఒకే శాసనం నాలుగుసార్లు చెక్కి ఉంది. కళింగ మహిషకాధిపతి, మహామేఘవాహన వంశజుడు సిరి సద మహారాజు దగ్గర లేఖకుడిగా పనిచేసిన చుల గోముడు ఆ మండపాన్ని దానం చేశాడు. మహామేఘవాహనులంటే ఖారవేలుడి వంశం. చూడండి: భువనేశ్వర్ గుహలు జైనులకు ఇచ్చిన వంశం పేరు చెప్పుకునే రాజు, అతని కొలువులో ఒక గుమాస్తా, గోదావరి అవతల బౌద్ధుల కొండకు మండపం కట్టించాడు. రాజు దిగ్విజయాల మాట శాసనంలో లేదు. ఉద్యోగి తన సొమ్ము పెట్టి పుణ్యం కట్టుకున్నాడు, పేరు పదికాలాలు నిలవాలని నాలుగు చోట్ల రాయించాడు. కళింగం నుంచి కృష్ణా గోదావరి మధ్య ప్రాంతం దాకా ఆ దారి ఎంత నలిగిందో చెప్పడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

దారి మారితే

గుహలు ఎందుకు పాడుబడ్డాయనే ప్రశ్నకు మన దగ్గర తయారుగా ఉన్న జవాబులు రెండు: శైవులు తరిమేశారని ఒకటి, తురకలు కూల్చేశారని మరొకటి. మన తీరం విషయంలో రెండూ తొందరపాటు తీర్పులే. బొజ్జన్నకొండ తొమ్మిదో శతాబ్దం దాకా బతికే ఉంది. హీనయానం, మహాయానం, వజ్రయానం మూడూ అక్కడ ఒకదాని తర్వాత ఒకటి నడిచాయి. రేవుల్లో వర్తకం సన్నగిల్లి, దానాలు గుళ్ళవైపూ అగ్రహారాలవైపూ మళ్ళిన కొద్దీ కొండ మీది దీపానికి నూనె పోసేవాళ్ళు తగ్గారు. సత్రాన్ని ఎవరూ పగలగొట్టనక్కర్లేదు. పోషించేవాడు లేకపోతే చాలు.

భిక్షువులు వెళ్ళాక కొండలు ఊరివాళ్ళవయ్యాయి. గుంటుపల్లి చైత్యగుహలోని స్తూపానికి ధర్మలింగేశ్వరుడని పేరు పెట్టి పూజ చేశారు. లింగాలమెట్ట పేరులో ఉన్న లింగాలు కూడా ఆ స్తూపాలే. దీన్ని ఆక్రమణ అనడం కన్నా కాపలా అనడం న్యాయం. పసుపు కుంకుమలు పడిన రాతిని ఎవరూ గోడల కోసం పగలగొట్టుకుపోరు.

అన్నీ అంత మంచిగా జరగలేదు. కనుమ పండుగ నాడు బొజ్జన్నకొండకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేలమంది వస్తారు. అక్కడి ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడి బొజ్జగా భావించి రాళ్ళు విసరడం చాలాకాలం ఆనవాయితీగా సాగింది. వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ వంటి సంస్థలు, బౌద్ధాభిమానులు ఏటా వచ్చి నచ్చచెప్పగా ఆ అలవాటుకు అడ్డుకట్ట పడింది. నమ్మకం పేరుతో విసిరిన రాయి కన్నా ఇవాళ ఎక్కువ హాని చేస్తున్నది ప్రేమ పేరుతో గోడ మీద గీసే మేకు. పదిహేను వందల ఏళ్ళ ఉలి పనిని చెరపడానికి రెండు నిమిషాలు చాలు.

ఖరగ్‌పూర్, సాలువా పాఠకులకు ఒక మాట. సంక్రాంతికి ఊరు వెళ్ళే రైలు ఎలాగూ శ్రీకాకుళం, విజయనగరం మీదుగానే పోతుంది. ఈసారి టిక్కెట్టు అనకాపల్లి దాకా తీసుకోండి. బొజ్జన్నకొండకు పిల్లల్ని పొద్దున్నే తీసుకెళ్ళండి. తూర్పు ముఖం గుహ కాబట్టి ఆ వేళే లోపలికి వెలుతురు పడుతుంది. స్తూపం చుట్టూ ఒక ప్రదక్షిణం చెయ్యండి, పదహారు స్తంభాలూ లెక్కపెట్టించండి. చేతిలో మేకు, జేబులో సుద్దముక్క లేకుండా చూసుకోండి. తిరుగు ప్రయాణంలో ఒక పూట మొగల్మారిలో ఆగితే, కొండ ఉన్న చోట బౌద్ధం ఏం చేసిందో, కొండ లేని చోట ఏం చేసిందో ఒక్క సెలవులోనే చూసినట్టవుతుంది.

(వచ్చే భాగంలో: బుద్ధుడి దంతం దాచిన దంతపురం ఎక్కడ? శ్రీకాకుళం దంతవక్త్రుని కోటా, మేదినీపూర్ దాంతనా?)